బారెన్ ద్వీపం అగ్నిపర్వతం: తరచుగా అడిగే ప్రశ్నలు

జియాలజీ చెప్పడం నా పని. అగ్నిపర్వతాల పాఠం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యెత్తి, "సార్, మన దేశంలో ఒక్కటైనా ఉందా?" అని అడుగుతారు. ఉంది. అండమాన్ సముద్రం మధ్యలో, మనిషి కాపురం లేని చోట, ఇప్పటికీ నిప్పు కక్కుతూ ఉంది. ఆ మాట చెప్పగానే ప్రశ్నల వాన మొదలవుతుంది. ఇన్నేళ్లలో పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, అండమాన్ ట్రిప్పుకు బయల్దేరే స్నేహితులు నన్ను అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఇది సరిగ్గా ఎక్కడుంది?

పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయ పురంగా మార్చారు కానీ, జనం నోట్లో ఇంకా పాత పేరే ఉంది కాబట్టి నేనూ అదే వాడుతున్నాను. ద్వీపం దాదాపు గుండ్రంగా ఉంటుంది, అడ్డంగా కొలిస్తే 3 కిలోమీటర్లు. చుట్టుపక్కల ఊళ్లు లేవు, రేవు లేదు. పడవలో వెళ్తుంటే గంటల తరబడి నీళ్లు తప్ప ఏమీ కనిపించదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఎదురుగా కొండ లేస్తుంది.

354 మీటర్లేనా? అంత చిన్నదాన్ని పర్వతం అంటారా?

మ్యాపుల్లో కనిపించే ఆ 354 మీటర్లు సముద్రమట్టం నుంచి వేసిన లెక్క. పర్వతం పాదం మాత్రం నీటి అడుగున ఉంది. అక్కడ సముద్రం లోతు సుమారు 2250 మీటర్లు. రెండూ కలిపితే 2600 మీటర్ల పైచిలుకు ఎత్తు. తూర్పు కనుమల్లో ఎత్తయిన అర్మ కొండ 1680 మీటర్లే. అంటే సముద్రాన్ని తోడేసి చూడగలిగితే బారెన్ మన అర్మ కొండను దాటి ఇంకో 900 మీటర్లు పైకి నిలబడుతుంది. మనకు కనిపించేది దాని నెత్తి మాత్రమే, మొత్తంలో ఏడో వంతు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

"బారెన్" అంటే ఏమిటి? ఆ పేరెందుకు?

ఇంగ్లీషులో బంజరు, బోడి అని అర్థం. లావా, బూడిద కప్పేసిన నల్లటి వాలు చూసిన నావికులు ఆ పేరు పెట్టుకున్నారు. ద్వీపం మొత్తం బోడిగా ఏమీ లేదు. లావా చేరని తూర్పు, దక్షిణ వైపు బయటి వాలుల మీద పచ్చని అడవి ఉంది.

పేర్ల విషయంలో ఇంకో ముచ్చట. బారెన్‌కు ఉత్తరాన నార్కొండం అనే మరో అగ్నిపర్వత ద్వీపం ఉంది. ఆ పేరు "నరక కుండం" నుంచి వచ్చిందని కొందరి ఊహ. కానీ నార్కొండం ఎన్నో వేల ఏళ్లుగా చల్లబడి, దట్టమైన అడవితో పచ్చగా ఉంది. నిప్పు కక్కేదేమో బారెన్. అందుకని ఒకప్పుడు బారెన్‌కు ఉన్న పేరే పొరపాటున పక్క ద్వీపానికి అంటుకుందని అంటారు. ఇది ఊహే, రుజువైన విషయం కాదు. తెలుగువాడికి మాత్రం ఆ పేరు వినగానే అర్థం తట్టేస్తుంది.

స్ట్రాటోవాల్కనో అని ఎందుకంటారు?

పొరలు పొరలుగా పేరుకున్న అగ్నిపర్వతం కాబట్టి. ఒకసారి లావా పారి గడ్డకడుతుంది. ఇంకోసారి బూడిద, నల్లటి చిట్టెపు రాళ్లు ఎగిరి పడి దాని మీద పరుచుకుంటాయి. మళ్లీ లావా. ఇలా లక్షల ఏళ్లు గడిస్తే నిటారు వాలుతో శంకువు లాంటి కొండ తయారవుతుంది. జపాన్‌లోని ఫుజి, ఇటలీలోని వెసూవియస్ ఈ జాతివే.

బారెన్‌లో ఈ పొరలను చూడటానికి తవ్వాల్సిన పని లేదు. పైభాగం ఎప్పుడో విరిగిపోవడంతో లోపలి గోడ బయటపడింది. పుస్తకాన్ని అడ్డంగా కోస్తే పేజీల అంచులు కనిపించినట్టు ఆ గోడలో పాత లావా పొరలు, మధ్యమధ్య బూడిద, రాళ్ల పొరలు వరసగా కనిపిస్తాయి. అక్కడక్కడ నిలువుగా చీలికలు ఉంటాయి. వాటిలోకి శిలాద్రవం, అంటే కరిగిన రాయి, ఎక్కి అక్కడే గట్టిపడింది. వాటిని డైకులు అంటాం.

సముద్రం మధ్యలో అగ్నిపర్వతం ఎలా పుట్టింది?

భూమి పైపొర ఒకే ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలుగా ఉంది. మనం నిలబడ్డ భారత పలక ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరం, ఈశాన్యం వైపు కదులుతోంది. అండమాన్ దగ్గర అది బర్మా పలక అనే చిన్న పలక కిందికి, కాస్త ఏటవాలుగా దూరుతోంది.

కిందికి పోయే పలక సముద్రపు అడుగు కదా, ఉత్త రాయిగా పోదు. దాని పగుళ్లలో నీళ్లు ఉంటాయి. ఖనిజాల లోపల కూడా నీరు బంధించి ఉంటుంది. పైన మట్టి పొరలు తడిగా ఉంటాయి. లోతుకు వెళ్లేకొద్దీ వేడి, ఒత్తిడి పెరిగి ఆ నీరంతా బయటికి వచ్చి, పైనున్న మాంటిల్ అనే లోపలి పొర రాతిలోకి ఎక్కుతుంది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. పొడిగా ఉన్నప్పుడు కరగని ఆ రాయి, నీరు చేరితే అదే వేడిలో కొద్దికొద్దిగా కరగడం మొదలుపెడుతుంది. నిప్పు కొత్తగా ఎక్కడినుంచో రాలేదు, వేడి పెరగనూ లేదు. నీరు కలవడం వల్ల రాయి కరిగే ఉష్ణోగ్రత తగ్గింది, అంతే. అగ్నిపర్వతానికి నీరు కారణమంటే క్లాసులో ఎవరూ ఓ పట్టాన నమ్మరు. కానీ సుమత్రా, జావా, జపాన్, చిలీ, ఇలా పలక కింద పలక దూరే చోట పుట్టిన అగ్నిపర్వతాలన్నిటి వెనకా ఉన్నది ఇదే.

కరిగిన రాయి చుట్టూ ఉన్న రాతి కంటే తేలిక కాబట్టి పైకి ఎక్కుతుంది. అందుకే పలక దూరే చోటుకు సమాంతరంగా, కాస్త లోపలికి, అగ్నిపర్వతాల వరుస ఒకటి ఏర్పడుతుంది. సుమత్రా నుంచి బారెన్, నార్కొండం మీదుగా మయన్మార్‌లోని పోపా కొండ దాకా సాగే వరుస అదే. ఇందులో సుమత్రాకు, మయన్మార్‌కు మధ్య మనిషికి తెలిసిన చరిత్రలో పేలినది బారెన్ ఒక్కటే.

మరి అండమాన్ దీవులన్నీ అగ్నిపర్వతాలేనా?

కావు. పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్ లాంటివన్నీ వేరే తరహా. కిందికి దూరే పలక మీదున్న సముద్రపు మట్టిని పై పలక అంచు గీరి కుప్ప పోస్తుంది. అలా ముడతలు పడి పైకి లేచిన గట్టే అండమాన్ నికోబార్ దీవుల ప్రధాన వరుస. అగ్నిపర్వతాల వరుస దానికి తూర్పున, విడిగా ఉంటుంది.

బారాటాంగ్‌లో మేము చూసిన మట్టి అగ్నిపర్వతం ఇదేనా?

టూరిస్టులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. బారాటాంగ్‌లో, డిగ్లీపూర్ వైపు కనిపించేవి బురద గుట్టలు. భూమి లోపల మట్టి పొరల్లో ఇరుక్కున్న గ్యాసు, నీరు బురదను పైకి తోస్తాయి. ఆ బురద చల్లగా ఉంటుంది, అందులో లావా ఉండదు, శిలాద్రవంతో సంబంధమే లేదు. పేరులో వాల్కనో ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

దీని వయసెంత?

నీటి పైన దొరికే లావాల్లో అన్నిటికంటే పాతది సుమారు 15 లక్షల 80 వేల ఏళ్లనాటిది. ఆర్గాన్ వాయువు ఐసోటోపులను కొలిచి తేల్చిన లెక్క ఇది. నీటి అడుగున ఉన్న భాగం సహజంగానే అంతకంటే పాతదై ఉండాలి, ఎందుకంటే ముందు అది పెరిగితేనే కదా నెత్తి బయటికి వచ్చేది.

అదే పరిశోధనలో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటి బయటపడింది. లావా పైకి వస్తూ దారిలోని పాత రాతి స్ఫటికాలను కొన్నింటిని తనతో మోసుకొచ్చింది. వాటి వయసు చూస్తే దాదాపు 10 కోట్ల 60 లక్షల ఏళ్లు. అంటే బారెన్ కింద, మనం ఏ బోరుతోనూ అందుకోలేని లోతులో, డైనోసార్ల కాలం నాటి పాత సముద్రపు అడుగు ఉంది. ఆ సమాచారాన్ని అగ్నిపర్వతమే మోసుకొచ్చి మన చేతిలో పెట్టింది.

పైనుంచి తీసిన ఫొటోల్లో పెద్ద గిన్నెలా కనిపిస్తుంది. అదేమిటి?

దాన్ని కాల్డెరా అంటారు. అడ్డంగా సుమారు 2 కిలోమీటర్లు, గోడల ఎత్తు 250 నుంచి 350 మీటర్లు. ఒకప్పుడు ఇక్కడ ఇప్పటికంటే పెద్ద శంకువు ఉండేది. ప్లీస్టోసీన్ యుగం చివర్లో, అంటే పదివేల ఏళ్లకు ముందెప్పుడో, భారీ పేలుడు జరిగి దాని పైభాగం పోయింది. మండే బూడిద, వాయువు, రాళ్లు కలిసి నేలను రాసుకుంటూ దూసుకెళ్లే ప్రవాహాలు అప్పుడు పుట్టాయని మిగిలిన పొరలు చెబుతున్నాయి.

గోడ పడమర వైపు తెరుచుకుని ఉంది. గిన్నె మధ్యలో కొత్తగా ఒక చిన్న శంకువు లేచింది. ఇప్పుడు పేలేది అదే. దాని నుంచి కారే లావా గిన్నె అడుగును నింపి, ఆ తెరిచిన వైపు నుంచి సముద్రంలోకి దిగుతుంది. మధ్య శంకువు ఎత్తు స్థిరంగా ఉండదు. పేలినప్పుడు కొంత కూలుతుంది, మళ్లీ పెరుగుతుంది. పదేళ్ల తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ఒకే కొండలా అనిపించదు.

ఎవరూ ఉండని చోట పాత పేలుళ్ల సంగతి ఎలా తెలిసింది?

సముద్రపు అడుగునున్న బురద చెప్పింది. ద్వీపానికి కొంత దూరంలో, పరిశోధన ఓడ నుంచి పొడవాటి గొట్టం దింపి అడుగు మట్టిని నిలువుగా తీశారు. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో అక్కడ సన్నని మట్టి, సూక్ష్మజీవుల గవ్వలు కొద్దికొద్దిగా దిగుతూ ఉంటాయి. పెద్ద పేలుడు జరిగితే వాటి మధ్యలో నల్లని బూడిద చార ఒకటి పడుతుంది. గవ్వల వయసు కొలిస్తే ఆ చార వయసు తెలుస్తుంది. ఇలా గత 72 వేల ఏళ్లలో బారెన్ చేసిన పెద్ద పేలుళ్లను గుర్తుపట్టారు. గుళ్లో శిలాశాసనం చదివినట్టే ఇదీ ఒక చదువు. మనిషి కళ్లతో చూసి రాసిన చరిత్ర మాత్రం 240 ఏళ్లకు మించదు.

ఆ రాసిన చరిత్ర ఎప్పుడు మొదలైంది?

1787లో. ఆ పక్కగా వెళ్తున్న ఓడవాళ్లు పొగను చూసి రాసుకున్నారు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే సర్వే అధికారి దగ్గరికి వెళ్లి చూశాడు. పోర్ట్ బ్లెయిర్‌కు ఆ పేరు ఈయన వల్లే వచ్చింది. ఎర్రగా కాలిన రాళ్లు జల్లులా ఎగిరిపడటం, దట్టమైన పొగ, అందులో కొన్ని టన్నుల బరువున్న బండలు కూడా ఉండటం ఆయన నమోదు చేశాడు. ఆ తర్వాత 1795, 1803, 1832 ప్రాంతాల్లో మళ్లీ చురుగ్గా ఉన్నట్టు రికార్డులు ఉన్నాయి.

1832 తర్వాత అది సద్దుమణిగింది. 1880లలో భారత భూగర్భ సర్వేకు చెందిన మాలెట్ వెళ్లి బారెన్‌నూ నార్కొండాన్నీ శ్రద్ధగా సర్వే చేశాడు. అప్పటికి ఆవిరి, గంధకం వాసన, తీరం దగ్గర వేడి నీటి ఊట తప్ప పెద్ద హడావిడి లేదు. తరాలు మారాయి. పుస్తకాల్లో దీన్ని నిద్రాణ అగ్నిపర్వతం అని రాయడం అలవాటైపోయింది.

1991లో ఏం జరిగింది?

సుమారు 160 ఏళ్ల తర్వాత మేలుకుంది. మార్చి చివర్లో పొగ లేవడం చూశారు. మధ్య శంకువు నుంచి బూడిద, మండే రాళ్లు, లావా వచ్చాయి. లావా గిన్నె అడుగు మీదుగా పారి పడమటి తీరంలో సముద్రాన్ని చేరింది. ఆ ఏడాది అక్టోబరు దాకా ఇది సాగింది. శంకువు రూపం మారిపోయింది. పక్షులు, ఇతర జీవాలు బాగా దెబ్బతిన్నాయి.

మా ల్యాబ్‌లో బసాల్ట్, అంటే నల్లటి లావా రాయి, నమూనాలు పెట్టిన చెక్క పెట్టె ఒకటి ఉంది. బారెన్ లావా ఎలా ఉంటుందో చెప్పడానికి దాన్ని ముందు పెట్టుకుంటాను. ఆ లావా పైపొర నున్నగా గడ్డకట్టదు. గరుకుగా, ముళ్లు ముళ్లుగా, చేత్తో పట్టుకుంటే గీసుకునేంత పదునైన ముక్కలుగా విరుగుతుంది. హవాయి భాషలో దీన్ని "ఆ ఆ" లావా అంటారు. రాయి నిండా చిన్న చిన్న రంధ్రాలు, గ్యాసు బుడగలు తప్పించుకున్న గుర్తులు. లెన్సుతో చూస్తే నల్లటి ముద్దలో బియ్యపు నూకల్లా తెల్లటి ప్లేజియోక్లేజ్ స్ఫటికాలు, వాటి మధ్య పెసరగింజ రంగులో ఒలివిన్ రేణువులు. ఈ స్ఫటికాలు బయటికి వచ్చాక పుట్టినవి కావు. లోపల శిలాద్రవం ఆగి ఆగి చల్లబడుతున్నప్పుడే పెరిగాయి. వాటి అంచులు, వాటిలోని పొరలు చూసి శిలాద్రవం ఎంత లోతులో ఎలా ఆగిందో అంచనా వేస్తారు.

ఆ తర్వాత మళ్లీ పేలిందా?

చాలాసార్లు. 1994 చివరి నుంచి 1995 మధ్య దాకా ఒక విడత. 2005 మే 28న మొదలై రెండేళ్లకు పైగా సాగింది ఇంకో విడత. అప్పటి నుంచి కొంతకాలం ఆగుతూ, కొంతకాలం రేగుతూ నడుస్తోంది. 2025 సెప్టెంబరులోనూ చిన్నపాటి పేలుళ్లు జరిగాయి.

వీటిలో 2017 జనవరి 23 నాటి సంఘటన చెప్పుకోదగ్గది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు సింధు సంకల్ప్ అనే ఓడలో అక్కడ సముద్రపు అడుగు నమూనాలు తీస్తున్నారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి కొండ బూడిద చిమ్మింది. వాళ్లు సుమారు మైలు దూరం దాకా వెళ్లి గమనించారు. ఐదు పది నిమిషాల చొప్పున విడతలు విడతలుగా పేలుతోంది. పగలు బూడిద మబ్బులే కనిపించాయి. పొద్దు గూకాక అసలు రంగు బయటపడింది: బిలం నుంచి ఎర్రటి లావా ఫౌంటెన్లు, వాలు మీద జారుతున్న నిప్పు పాయలు. అగ్నిపర్వతాన్ని పగలు చూసి "పొగే కదా" అనుకోకూడదని చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ సంఘటననే ఉదాహరణగా చూపిస్తాను.

2004 సునామీ భూకంపమే దీన్ని లేపిందా?

2004 డిసెంబరు 26న 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపంలో సుమత్రా నుంచి అండమాన్ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా పలక అంచు జారింది. ఐదు నెలలకు బారెన్ పేలింది. రెండింటికీ ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెద్ద భూకంపం చుట్టుపక్కల ఒత్తిళ్లను మారుస్తుంది, అప్పటికే సిద్ధంగా ఉన్న శిలాద్రవానికి దారి ఇవ్వగలదు. ఇది శాస్త్రం ఒప్పుకునే మాటే. కానీ 1991లో, 1994లో ఏ పెద్ద భూకంపమూ తట్టకుండానే బారెన్ లేచింది. అది అప్పటికే మేలుకుని ఉన్న కొండ. భూకంపం ఒక తోపు తోసి ఉండొచ్చు, కారణం మాత్రం అదొక్కటే కాదు. నా అభిప్రాయం ఇది. "ఐదు నెలల్లో పేలింది కాబట్టి ఇదే కారణం" అని గట్టిగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను.

ఎంత భయంకరంగా పేలుతుంది?

ఈ మధ్య కాలపు పేలుళ్లు చిన్నవి. స్ట్రాంబోలియన్ తరహా అంటారు. జావ కాచేటప్పుడు బుడగ పైకి వచ్చి టప్పున చిట్లి నాలుగు చుక్కలు బయట పడతాయే, అలాంటిదే పెద్ద ఎత్తున జరుగుతుంది.

ఎందుకు ఇలా అంటే, పాకం సంగతి గుర్తు తెచ్చుకోండి. లేత పాకంలో బుడగలు సులువుగా పైకి వచ్చి పోతాయి. ముదురు పాకంలో ఇరుక్కుపోతాయి. బారెన్ కక్కేది ఎక్కువగా బసాల్ట్, బసాల్టిక్ ఆండెసైట్. లావాను చిక్కబరిచే సిలికా తక్కువ, వేడి ఎక్కువ, కాబట్టి పలచన. గ్యాసు దాచుకోలేదు, అప్పటికప్పుడు వదిలేస్తుంది. నార్కొండం రాళ్లు సిలికా ఎక్కువున్న ఆండెసైట్, డేసైట్. అవి ముదురు పాకం, చిక్కగా ఉంటాయి. ఒకే వరుసలో ఉన్న రెండు కొండల స్వభావంలో ఇంత తేడా ఉంది.

అయితే కాల్డెరా గోడ ఎదురుగా ఉండగా "ఎప్పుడూ చిన్నగానే పేలుతుంది" అని నేను అనలేను. ఒకప్పుడు పెద్దగా పేలిన సాక్ష్యం ఆ గోడే.

దీనివల్ల సునామీ వస్తుందా?

టెన్షన్‌తో ఈ ప్రశ్న అడిగేవాళ్లకు 2018 డిసెంబరు 22న ఇండోనేషియాలో అనక్ క్రకటోవా విషయంలో జరిగింది గుర్తుండి ఉంటుంది. ఆ కొండ ఒక పక్క సముద్రంలోకి జారి సునామీ వచ్చింది, నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. 338 మీటర్ల కొండ 110 మీటర్లకు తగ్గింది. అది కూడా కాల్డెరాలో కొత్తగా పెరిగిన శంకువే కాబట్టి పోలిక తప్పు కాదు.

తేడా ఎక్కడుందంటే, అనక్ క్రకటోవా నిటారు అంచు పక్కన, నీళ్లలో పెరిగింది. బారెన్ కొత్త శంకువుకు మూడు వైపులా పాత కొండ గోడలు కాపుగా ఉన్నాయి, పైగా అది నేల మీద కూర్చుని ఉంది. అందుకే అదే తరహా ప్రమాదం ఇక్కడ తక్కువ. నీటి అడుగున ఉన్న వాలులను మాత్రం ఎప్పటికప్పుడు సర్వే చేస్తూనే ఉండాలి. పర్వతంలో ఏడింట ఆరు వంతులు అక్కడే ఉన్నాయి.

ఆంధ్ర తీరం దెబ్బతిన్న 2004 సునామీ అగ్నిపర్వతం వల్ల వచ్చింది కాదు, పలక జారడం వల్ల వచ్చింది. అలాంటి వాటికి హెచ్చరిక ఇచ్చే జాతీయ కేంద్రం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి రాత్రీ పగలూ పనిచేస్తోంది.

బూడిద మన ఊళ్ల దాకా వస్తుందా?

బారెన్ నుంచి అయితే రాదు. దాని బూడిద సాధారణంగా రెండు మూడు కిలోమీటర్ల ఎత్తుకు లేచి, చుట్టుపక్కల సముద్రంలోనే రాలిపోతుంది. విశాఖ వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

కానీ ఇదే అగ్నిపర్వతాల వరుస నుంచి బూడిద ఒకసారి మన దగ్గరికి వచ్చింది. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా పేలింది. రెండు వేల ఘన కిలోమీటర్లకు మించిన శిలాద్రవం బయటపడింది. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు దాటి బనగానపల్లె ప్రాంతంలోని జ్వాలాపురంలో పడింది. ఇప్పుడది నంద్యాల జిల్లా. చుట్టూ ఉన్న గట్ల మీద పడిన బూడిదను వాన లోయలోకి కొట్టుకొచ్చి, ఒకచోట రెండు మీటర్లకు పైగా పేర్చింది. తెల్లగా, మెత్తగా, వేళ్ల మధ్య రుద్దితే సన్నని గాజు పొడిలా గరగరలాడుతుంది. నిజంగానే అది గాజే. ఊరివాళ్లు దాన్ని తవ్వి గిన్నెలు తోమే పౌడరు తయారీకి అమ్మేవారు. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. పేలుడుకు ముందు అక్కడ మనుషులు ఉన్నారు, తర్వాతా ఉన్నారు. సుమత్రా కొండ పేలితే కుందూ నది ప్రాంతపు మనిషి తల మీద బూడిద రాలింది. నేను పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లిన రోజు ఒక అమ్మాయి ఆ పొడిని గుప్పిట్లో పట్టుకుని బస్సెక్కే దాకా వదల్లేదు.

రాజమండ్రి దగ్గర నల్లరాయి కూడా లావానే అంటారు, నిజమేనా?

నిజమే. కాటేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కోసం కొట్టే నల్లరాయి బసాల్ట్. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్లనాటిది. దక్కన్ లావా పశ్చిమాన పుట్టి, పాత నదీ లోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి అక్కడికి చేరిందని చాలామంది పరిశోధకుల నిర్ధారణ. అది పగుళ్ల నుంచి వరదలా పొంగిన లావా. బారెన్‌ది పలక కింద పలక దూరడం వల్ల పుట్టిన లావా. రాయి పేరు ఒకటే, పుట్టుక వేరు. అక్కడ భవిష్యత్తులో అగ్నిపర్వతం లేస్తుందేమోనన్న భయం అక్కర్లేదు.

అంత దూరంలో ఉన్నదాన్ని ఎవరు కనిపెడుతున్నారు?

ఎక్కువగా ఉపగ్రహాలే. రాత్రి వేళ వేడి మచ్చ కనిపిస్తే తెలిసిపోతుంది. విమానాలకు బూడిద ప్రమాదం కాబట్టి ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం ఈ ప్రాంతానికి బూడిద హెచ్చరికలు ఇస్తుంది. నేవీ, కోస్ట్ గార్డ్ ఓడలు వెళ్తూ చూస్తాయి. భూగర్భ సర్వే, ఐఐటీ బాంబే, అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల వంటి సంస్థల వాళ్లు అప్పుడప్పుడు దిగి రాళ్లు తెచ్చి చదివారు. మనిషి ఉండని ద్వీపంలో, ఉప్పుగాలిలో, బూడిద కింద పరికరాలు నిలబెట్టడం కష్టమే. ఆ కష్టం పడాల్సిందేనని మాత్రం గట్టిగా అనుకుంటాను. ఇంత పెద్ద దేశానికి చురుగ్గా ఉన్న అగ్నిపర్వతం ఒక్కటే కదా.

అక్కడ ఏమైనా బతుకుతాయా?

ఎలుకలు, గబ్బిలాలు, పావురాలు ఉన్నాయి. అన్నిటికంటే ఆశ్చర్యం మేకలు. 19వ శతాబ్దం చివర్లో ఓడవాళ్లు వదిలేసి వెళ్లిన మేకల సంతతి అది. 1991 పేలుడును కూడా తట్టుకుని మిగిలాయి. నీటి అడుగున పగడాలు, పెద్ద పెద్ద మాంటా రే చేపలు ఉండటంతో డైవింగ్ చేసేవాళ్లకు ఈ చోటు బాగా తెలుసు.

మేము వెళ్లి చూడొచ్చా?

పడవలోంచి చూడొచ్చు, దిగడానికి లేదు. ద్వీపం వన్యప్రాణి అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడికి వెళ్లకూడదు. మామూలు టూరిస్టులు ఓడ మీద నుంచే చూసి తిరిగి రావాలి. పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ బంధువులుంటే సముద్రం ఎలా ఉందో, ఏ నెలలో పడవలు నడుస్తున్నాయో ముందే కనుక్కోండి. వానాకాలంలో ఆ సముద్రం మనిషిని నిలబడనివ్వదు.

నేను వెళ్లినప్పుడు రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారుజామున చేరాం. ముందు వాసన తగిలింది, అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే గంధకం వాసన. తర్వాత చీకట్లో ఇంకా నల్లటి ఆకారం. వెలుగు వచ్చేకొద్దీ ఎడమ వైపు పచ్చటి అడవి గోడ, కుడి వైపు పచ్చటి అడవి గోడ, రెండింటి మధ్య తెరిచిన చోట సముద్రం దాకా దిగిన నల్లటి లావా తేలాయి. వెనక శంకువు కొన నుంచి సన్నని తెల్లటి పొగ. అరగంట సేపు పడవలో ఎవరూ మాట్లాడలేదు. ఇంజన్ ఆపేశారు. అలలు లావా ముక్కల మధ్య దూరి వెనక్కి వెళ్తున్నప్పుడు చిన్న రాళ్లు దొర్లే చప్పుడు ఒక్కటే వినిపించింది.